నాపబండల మురికి వదిలించడం: యాసిడ్ సీసా మూత తీసేముందు

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో పాత ఇల్లు ఒకటి చేతికొచ్చిందనుకుందాం. పడసాలలో బండలు జిడ్డుతో నల్లబడి ఉంటాయి. వంటింట్లో అడుగు పెడితే కాలు అతుక్కుంటుంది. బచ్చలి (స్నానాల గది) పక్కన తెల్లటి పెచ్చు, సందుల్లో గట్టిపడిన మట్టి. ఎవరిని అడిగినా వచ్చే సలహా ఒకటే: "యాసిడ్ పోసి రుద్దండి, తెల్లారేసరికి తళతళలాడతాయి." సిరామిక్ టైల్స్ మీద ఆ సలహా కొంతవరకు నడుస్తుంది. నాపబండ మీద మాత్రం మురికి కన్నా ముందు బండే కరుగుతుంది.

నాపబండ సున్నపురాయి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల్లో తీసే నల్ల కడప బండైనా, బేతంచెర్ల వైపు నుంచి వచ్చే లేతరంగు బండైనా, తాడిపత్రిలో పాలిష్ పట్టి అమ్మే పలకైనా, వీటిలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. ఈ ప్రాంతపు సున్నపురాయి పొరల్లో ముఖ్యమైన ఒకదాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అంటారు. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది కూడా ఈ సున్నపురాయి కోసమే. కడప బండకు ఆ నలుపు రాయిలో కలిసి ఉన్న కర్బనం వల్ల వచ్చింది. పైన ఎవరో పూసిన రంగు కాదు కాబట్టి కడిగితే పోదు. పోయినట్టు కనిపిస్తే కారణం వేరే ఉంటుంది, దాని సంగతి కింద చూద్దాం.

సున్నపురాయి మీద హైడ్రోక్లోరిక్ యాసిడ్ పడగానే బుస్సుమని నురగ లేస్తుంది. మురికి వదులుతోందని చూసేవాళ్లు సంతోషిస్తారు. నిజానికి ఆ నురగ రాయి కరుగుతూ వదిలే కార్బన్ డయాక్సైడ్. లెక్క వేస్తే సంగతి తేటపడుతుంది. 73 గ్రాముల హైడ్రోక్లోరిక్ యాసిడ్ 100 గ్రాముల సున్నపురాయిని కరిగిస్తుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ క్లీనర్లలో ఇది సుమారు 10 శాతం ఉంటుంది. అంటే అర లీటరు సీసాలో 50 గ్రాములు, అది తినేసే రాయి 68 గ్రాములు. 100 చదరపు అడుగుల గది మీద సమానంగా పరిస్తే ఆ మందం 3 మైక్రాన్లు కూడా ఉండదు, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ. ఇంతేనా అనిపించవచ్చు. కానీ పాలిష్ మెరుపు నిలబడేది అంతకన్నా సన్నటి నునుపు మీద. అది పోగానే ఉపరితలం గరుకై వెలుతురును చెల్లాచెదురు చేస్తుంది, నల్లబండ బూడిదరంగులోకి తిరుగుతుంది. పైగా యాసిడ్, రాయి కలిసి మిగిల్చే కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను లాక్కునే గుణం ఉన్నది. సరిగా కడగకుండా వదిలేస్తే వానాకాలంలో ఆ నేల ఎంత తుడిచినా చెమ్మగానే ఉంటుంది.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. మనం వదిలించాలనుకునే మురికిలో సగం కూడా కాల్షియమే. బోరు నీళ్లు ఆరిపోయి మిగిల్చే తెల్లటి పెచ్చు కాల్షియం కార్బొనేట్. గోడకు వేసిన సున్నం చుక్కలు కొన్నాళ్లకు అదే అవుతాయి. బేల్దారి పని చేసినప్పుడు పడిన సిమెంటు పాలలోనూ ఉండేది ఎక్కువగా సున్నమే. పైనున్న మరక ఏదో, కిందున్న రాయి ఏదో యాసిడ్‌కు తెలియదు. రెండింటినీ ఒకే తీరున తింటుంది. నిమ్మరసం, వెనిగర్, చింతపండు పులుసు బలం తక్కువైనా చేసే పని అదే. కడప బండ గట్టు మీద కోసిన నిమ్మచెక్కను బోర్లించి మరిచిపోతే, మరునాటికి అక్కడ తెల్లటి గుండ్రటి మచ్చ మిగులుతుంది. దాన్ని మరక అనుకుని రుద్దేవాళ్లు చాలామంది. అక్కడ రుద్ది తీయడానికి పదార్థమేమీ లేదు, రాయి మీద నునుపు పోయింది, అంతే.

కాబట్టి ఏ సీసా కొనాలన్నది తర్వాతి మాట. బండ మీద ఏదైనా అంటుకుందా, బండలోకి ఏదైనా ఇంకిందా, లేక బండే దెబ్బతిందా అన్నది ముందు తేలాలి. మూడింటికీ మందు వేరు.

ఏ బండ, ఏ మచ్చ

కింద ఉన్నది సున్నపురాయో గ్రానైటో తెలియకపోతే బీరువా కింద కనపడని మూలలో ఒక చుక్క నిమ్మరసం వేసి 2 నిమిషాలు ఆగి తుడవండి. సన్నటి బుడగలు లేచినా, మెరుపు తగ్గిన చుక్క మిగిలినా అది సున్నపురాయి. గ్రానైటు మీద ఏమీ కాదు. ఈ మధ్య కట్టిన ఇళ్లలో నేలకు నాపబండ, వంటింటి గట్టుకు గ్రానైటు పక్కపక్కనే ఉంటున్నాయి. గట్టుకు వాడిన క్లీనరు నేలకు పనికొస్తుందని అనుకోకూడదు.

తర్వాత చీకటి పడ్డాక లైట్లు ఆర్పి, ఫోన్ టార్చిని బండకు దాదాపు ఆనించి, పక్కకు వెలుగు పడేట్టు పెట్టి చూడండి. పగటి వెలుతురులో ఒకే మురికిగా కనిపించినది ఇప్పుడు విడివిడిగా తెలుస్తుంది. జిడ్డు పొర అయితే దాని మీద కాలిముద్రలు, గుడ్డ తిప్పిన చారలు కనిపిస్తాయి. పెచ్చు అయితే అంచు దగ్గర చిన్న గట్టులా నీడ పడుతుంది, గోటికి తగులుతుంది. యాసిడ్ తిన్న చోట గట్టూ ఉండదు, గుంటా ఉండదు, మెరుపు మాత్రం ఒక గీత దగ్గర ఆగిపోతుంది. గీతలైతే వెలుగు పడిన దిక్కున వెండి దారాల్లా మెరుస్తాయి. కుర్చీ కాళ్ల దగ్గర, గడప లోపల రెండు అడుగుల మేర ఇవి ఎక్కువ.

తెల్లగా కనిపించేదాన్ని మరో రెండు రకాలుగా పరీక్షించాలి. పొడివేలితో రుద్దితే పిండిలా వేలికి అంటుకుని, తడిగుడ్డకు మాయమై, నాలుగైదు రోజుల్లో మళ్లీ లేస్తే అది చౌడు. నీళ్లు చల్లగానే బండ నల్లగా నిగనిగలాడి, ఆరగానే మళ్లీ పాలిపోతే అది యాసిడ్ దెబ్బ లేదా అరుగుదల. తడిపినా తెల్లదనం పూర్తిగా పోకుండా గరుకుగా తగిలేది బోరు నీళ్ల పెచ్చు.

నీళ్లకు ముందు పొరక

సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేట్ ఖనిజం కాల్సైట్. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలతలో దానిది 3. అనంతపురం ఎర్రమట్టిలో, వీధి దుమ్ములో ఉండే ఇసుక రేణువు క్వార్ట్జ్, దాని గట్టిదనం 7. కసువు సరిగా ఊడ్చకుండా తడిగుడ్డ తిప్పితే గుడ్డకింద ఇరుక్కున్న రేణువు ప్రతి తిప్పుకూ ఒక గీత పెడుతుంది. బండలు పాలిపోవడానికి యాసిడ్ తర్వాత పెద్ద కారణం ఇదే. మెత్తటి పొరకతో రెండుసార్లు, రెండోసారి మొదటిదానికి అడ్డంగా ఊడ్చాలి. సందుల్లో మట్టిని పాత టూత్‌బ్రష్షుతోనో వెదురుపుల్లతోనో గీరి తీయాలి. ఇనుప మేకు వద్దు, బండ అంచు పెచ్చులూడుతుంది. వ్యాక్యూమ్ ఉంటే సందులకు దాన్ని మించింది లేదు.

కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి సంగతి వేరు. చెప్పులకు అంటుకొచ్చిన రేగడిని తడిమీద తుడిస్తే జిగురు ముద్దై బండ గరుకులోకి దిగుతుంది. పూర్తిగా ఎండనిచ్చి ప్లాస్టిక్ పట్టీతో లేపితే పెళ్లలుగా వస్తుంది. వానరోజున ఆగడం కష్టమే, అయినా ఆగాలి.

రుద్దడానికి బట్టల నైలాన్ బ్రష్, కొబ్బరిపీచు, పాత తువ్వాలు చాలు. గిన్నెలు తోమే పచ్చ పీచులో గరుకు రేణువులు ఉంటాయి, పాలిష్ బండ మీద అది గీతల పంట. స్టీలు పీచు ఇంకా చెడ్డది. విరిగిన పోగులు సందుల్లో చేరి తుప్పుపట్టి గోధుమరంగు చుక్కలు మిగులుస్తాయి.

మామూలు మురికికి కడుగు

రెండు బకెట్లు పెట్టుకోండి. మొదటిదాంట్లో 5 లీటర్ల గోరువెచ్చటి నీళ్లు, 2 టీస్పూన్ల గిన్నెలు తోమే లిక్విడ్. రెండోదాంట్లో గుడ్డ జాడించడానికి ఉత్త నీళ్లు. గది మొత్తం ఒకేసారి తడపకూడదు. 2 అడుగుల బండలైతే నాలుగు బండలు ఒక వంతు. తడిపి 5 నిమిషాలు వదిలి, బ్రష్షుతో రుద్ది, మురికి నీళ్లు వైపరుతో ఒక మూలకు లాగి గుడ్డతో ఎత్తాలి. చాలామంది ఈ ఎత్తడం దగ్గరే తప్పుతారు. బ్రష్షు లేపిన మురికి నీళ్లలో తేలుతూ ఉంటుంది, ఎత్తకపోతే ఆరిపోయి అక్కడే కూర్చుంటుంది. మే నెలలో కడపలో ఫ్యాన్ కింద పలచటి తడి నిమిషాల్లో ఆరిపోతుంది. అందుకే ఈ పని ఉదయం పూట, ఫ్యాన్ ఆపి మొదలుపెట్టాలి.

లిక్విడ్ ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం కాదు. మిగిలిన నురగ ఆరి జిగురుపొర అవుతుంది, ఆ పొర దుమ్మును పట్టుకుంటుంది, వారం తిరక్కముందే నేల మునుపటికన్నా మాసినట్టుంటుంది. బట్టల సబ్బు అసలే వద్దు. బోరు నీళ్లలోని కాల్షియంతో సబ్బు కలిసి నీళ్లలో కరగని తెట్టు కడుతుంది.

నీళ్ల సంగతి మరికొంత చెప్పుకోవాలి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కోరదగిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాముల టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న మొత్తం లవణాలు), వేరే దిక్కులేనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటారు. రాయలసీమ బోర్లలో 1000 దాటడం వింతేమీ కాదు. అలాంటి నీళ్లతో బండలు తుడిస్తే ఒక గదిలో లీటరు నీళ్లు ఆరాయనుకున్నా రోజుకు గ్రాము లవణం నేల మీద మిగులుతుంది, ఏడాదికి 365 గ్రాములు. కొంత కాళ్లకు, పొరకకు పోతుంది, మిగతాది పొర కడుతుంది. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లలో లవణాలు బోరు నీళ్ల కన్నా ఎక్కువ. నీళ్లు దండగ కాకూడదని వాటితో బండలు తుడిచే ఇళ్లు చాలా ఉన్నాయి. ఉద్దేశం మంచిదే కానీ ఆ నీళ్లు మొదటి కడుగుకో మరుగుదొడ్డికో వాడుకోవాలి. చివరి తుడుపుకు గదికి 2 లీటర్ల మంచినీళ్లు, ఏసీ నుంచి కారిన నీళ్లు, పట్టి ఉంచిన వాననీళ్లు, ఏదైనా సరే. గుడ్డ గట్టిగా పిండి ఒకసారి తిప్పి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి.

వంటింటి జిడ్డు, ఏళ్లనాటి నూనె

అన్నిటిలోకీ మొండిది ఇదే. వంటనూనె ఆవిరితో లేచి నేల మీద దిగి, గాలి తగిలి గట్టిపడుతుంది. ఆరిన పెయింటు లాగా అది నీళ్లకూ లిక్విడ్‌కూ లొంగదు. దీనికితోడు చాలా ఇళ్లలో నల్లబండలు నల్లగా కనపడాలని పండగలకు నూనె గుడ్డతో తుడిచే అలవాటు ఉంది. కొబ్బరినూనె, అవిసెనూనె, కిరసనాయిల్ కలిపిన నూనె, ఎవరి పద్ధతి వారిది. అవిసెనూనె అయితే అచ్చంగా వార్నిషే. పదేళ్ల నూనె, పదేళ్ల దుమ్ము పొరలు పొరలుగా కలిసి, గోటితో గీరితే మైనంలా చుట్ట చుట్టుకుని వస్తుంది.

ఇక్కడ క్షారం కావాలి. సున్నపురాయిని యాసిడ్ తింటుంది, క్షారం తినదు. బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్, కిరాణా కొట్లలో దొరుకుతుంది. వంటసోడాకు ఇంత బలం లేదు. 4 లీటర్ల వేడి నీళ్లలో 3 టేబుల్‌స్పూన్ల బట్టల సోడా, 1 టేబుల్‌స్పూన్ గిన్నెల లిక్విడ్ కలపాలి. చేతులకు రబ్బరు గ్లౌజులు తప్పనిసరి, చర్మం మీది నూనెను కూడా సోడా సబ్బు చేసేస్తుంది. రెండు బండల మీద ధారాళంగా పోయకుండా పాత గుడ్డను ఆ నీళ్లలో ముంచి పరిచి 15 నిమిషాలు వదలండి. గుడ్డ పరిస్తే నీళ్లు ఆరవు, సందుల్లోకి పారవు. గుడ్డ తీసి ప్లాస్టిక్ పట్టీని ఏటవాలుగా పట్టి తోస్తే మెత్తబడిన జిడ్డు ముద్దగా లేస్తుంది. దాన్ని పాత పేపరులోకి తీసి చెత్తలో వేయాలి. బచ్చలిలోకి తోస్తే పైపులో గడ్డకడుతుంది. తర్వాత బ్రష్, వైపర్, రెండుసార్లు ఉత్తనీళ్లు. నూనె అలవాటున్న ఇంట్లో ఇది ఒక్క వాయితో తేలదు, అదే బండకు మూడు వాయిలు పట్టవచ్చు. సోడా పాలు పెంచితే పని తగ్గుతుందనుకోవద్దు. బోరు నీళ్లలోని కాల్షియంతో సోడా తెల్లటి పొడిగా విరుగుతుంది, ఎక్కువైన కొద్దీ ఆ పొడి కడగడమే మరో పని అవుతుంది.

జిడ్డంతా పోయి ఆరాక బండలు బూడిదరంగులో కనిపిస్తాయి. చూసినవాళ్లు "బండలు పాడుచేశారే" అంటారు. అది పాలిష్ లేని కడప బండ అసలు రంగు. ఇన్నాళ్లూ కనిపించిన నలుపు నూనె తెచ్చిన తడిరూపం. మళ్లీ నూనె రాస్తే వెనువెంటనే నల్లబడుతుంది, మళ్లీ దుమ్ము పడుతుంది.

పైపొర పోయినా స్టవ్ ముందో నూనె డబ్బా పెట్టే చోటో ముదురు మచ్చ మిగిలితే నూనె రాయిలోకి ఇంకిందన్నమాట. రుద్దడం అక్కడికి చేరదు, పట్టు వేసి పైకి లాగాలి. మైదాపిండినో సుద్దపొడినో టాల్కం పౌడరునో నూనెను కరిగించే అసిటోన్ అనే ద్రవంతో తడిపి వేరుశెనగ చట్నీ అంత చిక్కగా చేసి, మచ్చ అంచు దాటి ఒక అంగుళం వరకు పావు అంగుళం మందంగా పరచాలి. పైన ప్లాస్టిక్ కవరు కప్పి నాలుగు అంచులకూ టేపు వేసి 24 గంటలు ఉంచాలి. ఆ వ్యవధిలో అసిటోన్ రాయిలోకి దిగి నూనెను పలచన చేస్తుంది. తర్వాత కవరు తీసేసి, పిండి పూర్తిగా ఎండేదాకా, మరో 12 నుంచి 24 గంటలు కదపకూడదు. ఆవిరవుతున్న ద్రవం నూనెను పైకి తీసుకొచ్చి పిండిలో వదిలేది ఈ దశలోనే. కవరు తీయగానే తడిగా ఉన్న పిండిని ఎత్తేసి "పని చేయలేదు" అనేవాళ్లు అసలు పని మొదలయ్యే వేళకే ఆపేస్తున్నారు. పాతమచ్చకు రెండు నుంచి నాలుగు పట్లు వేయాలి. అసిటోన్ భగ్గున అంటుకుంటుంది. సిలిండర్ కట్టేసి, దేవుడి దగ్గర దీపం ఆర్పి, కిటికీలు తీసి మరీ చేయాలి. ఆ భయం వద్దనుకుంటే వంటసోడాను నీళ్లతో ముద్దచేసి వేయండి, నిదానంగా అయినా కొంత లాగుతుంది. ముగ్గుపిండి మాత్రం వాడకండి, ఎత్తేటప్పుడు అందులోని రవ్వ గీరుతుంది.

తెల్లదనం నాలుగు రకాలు

బోరు నీళ్ల పెచ్చుకు చేతిపనే గతి. తడిపి, కొత్త బ్లేడును స్క్రాపరులో బిగించి బండకు 30 డిగ్రీల వాలులో పెట్టి తోయాలి. నిటారుగా పెడితే గీత పడుతుంది. పెచ్చు పలకలుగా లేస్తుంది, మిగిలిన పలచటి పొరను 600 నంబరు వాటర్ పేపరుతో (నీళ్లతో కలిపి వాడే గరుకు కాగితం) తడిమీద తేలికగా తీయాలి. కుళాయి కింద, ఫిల్టరు కింద కారుతున్న చుక్కను ఆపకుండా ఇది చేస్తే ఆర్నెల్లకు మళ్లీ చేయాలి.

సిమెంటు పాలు అయితే మొదటి రెండు మూడు రోజుల్లోనే తేలిగ్గా పోతాయి. తడి గోనెగుడ్డ, రంపపు పొట్టు వేసి రుద్దితే చాలు. పని ముగించే తొందరలో బేల్దారి యాసిడ్ అడిగితే ఇవ్వకండి. కొత్త ఇళ్లలో బండలు గృహప్రవేశానికే పాలిపోయి కనిపించడానికి ఎక్కువసార్లు కారణం ఆ ఒక్క బకెట్టే.

యాసిడ్ తిన్న మచ్చ చిన్నదైతే ఇంట్లోనే సరిచేయవచ్చు. చదునైన చెక్కముక్కకు వాటర్ పేపరు చుట్టి, నీళ్లు చల్లుతూ 400 నంబరుతో మొదలుపెట్టి 600, 800, 1000 వరకు వెళ్లాలి. ముందటి నంబరు గీతలు పూర్తిగా పోయాకే తర్వాతిది పట్టాలి. నంబరు దాటేస్తే ఆ గీతలు చివర్లో మెరుపు కింద నుంచి తొంగిచూస్తాయి. మచ్చ మీదనే కాకుండా చుట్టూ ఒక చెయ్యి వెడల్పు పలచగా లాగితేనే అతుకు కనపడదు. వేలితోనే నొక్కి రుద్దితే గుంట పడుతుంది. గదంతా పాలిపోతే ఇది చేతితో అయ్యే పని కాదు, పాలిష్ మిషన్ పిలవాలి. మిషన్ వాళ్లు చివరి మెరుపుకు ఆక్సాలిక్ యాసిడ్ పొడి వాడుతారు. యాసిడ్ వద్దని ఇంతసేపు చెప్పి ఇదేమిటనకండి. అది రాయిలోని కాల్షియంతో కలిసి నీళ్లలో కరగని కాల్షియం ఆక్సలేటుగా మారుతుంది. మిషన్ ప్యాడు కింద కొలతగా వాడితే మెరుపునిస్తుంది, చేత్తో చల్లి వదిలేస్తే మచ్చలే. పగలదీసిన గరుకు బండకైతే పాలిష్ ఆలోచనే వద్దు, దాని అందం ఆ గరుకులోనే ఉంది.

చౌడును కడిగితే పెరుగుతుంది. నేలకింది తేమ లవణాలను మోసుకొచ్చి పైన వదిలి ఆవిరవుతుంది. మీరు పోసిన నీళ్లు వాటిని మళ్లీ కరిగించి లోపలికి పంపుతాయి, ఆరినప్పుడు అవి మళ్లీ వస్తాయి. పొడి బ్రష్షుతో ఊడ్చి, చాటకెత్తి బయట పారేయాలి. తేమ కిందినుంచి వస్తోందా లేదా తెలియాలంటే 2 అడుగుల ప్లాస్టిక్ పట్టాను బండమీద పరిచి నాలుగు వైపులా టేపు వేసి 48 గంటలు ఉంచండి. లోపలివైపు నీటి చుక్కలు పడితే కింద తడి ఉంది. అప్పుడు వెతకాల్సింది బచ్చలి పైపు, గోడకు ఆనించిన పూలకుండీలు, ఇంటికన్నా ఎత్తు పెరిగిపోయిన వీధి.

మిగతా మరకలు త్వరగా చెప్పుకోవచ్చు. ఎమల్షన్ పెయింటు చుక్క మీద వేడినీళ్ల గుడ్డ 20 నిమిషాలు ఉంచి ప్లాస్టిక్ పట్టీతో లేపాలి. ఎనామిల్‌కు గుడ్డను టర్పెంటైన్‌తో తడిపి తుడవాలి, చుక్కమీద పోయకూడదు. పసుపు మరక మీద సోడా నీళ్లు పడగానే ఎర్రబడుతుంది. కంగారు వద్దు, క్షారానికి పసుపు అలాగే రంగు మారుతుంది. ఎండ పడే చోటైతే కొన్నాళ్లకు అదే వెలిసిపోతుంది. సిలిండర్ అడుగున తుప్పు వలయానికి బజారులో దొరికే తుప్పు మందుల్లో చాలామటుకు యాసిడ్లే. వాటర్ పేపరుతో వీలైనంత తీసి, చక్రాల స్టాండు కొనడమే దారి.

బండలు కడిగేటప్పుడు టేకు గడపను మరవకూడదు. సోడా నీళ్లు తగిలితే టేకు నల్లబడుతుంది, నీళ్లు నిలిస్తే ఉబ్బి తలుపు పట్టేస్తుంది. గడపకు ప్లాస్టిక్ టేపు వేసి మొదలుపెట్టండి. ఏళ్లుగా పసుపు, నూనె పట్టిన గడపకైతే గట్టిగా పిండిన గుడ్డ, టర్పెంటైన్ చాలు. చెక్క పోగు వెంబడి తుడవాలి, అడ్డంగా కాదు. కొత్త ఫ్లాట్లలో వేస్తున్న చెక్క నేలలకూ ఈ జాగ్రత్తే: బకెట్టు ఆ గదిలోకే తేవద్దు.

ఇంకొకటి, ఇది బండల కోసం కాదు, మనుషుల కోసం. బ్లీచింగ్ పౌడరు చల్లిన నేల మీద యాసిడ్ క్లీనరు పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒకటి పని చేయలేదని రెండోది పోసేటప్పుడే ఇది జరుగుతుంది. మూసిన బచ్చలిలో ఊపిరాడదు. ఘాటు తగలగానే అన్నీ వదిలేసి బయటికి రావాలి, కడగడానికి మళ్లీ లోపలికి వెళ్లకూడదు. ఇంట్లో పని చేసే ఆమెకు ఈ రెండు సీసాలూ ఒకేచోట పెట్టి ఇవ్వకండి.

సందులు, పైపూత

పాత మిద్దెల్లో బండల కింద ఇసుకో మట్టో ఉంటుంది, సందుల్లో సున్నం ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. బిందెలతో నీళ్లు పోసి కడిగితే ఆ నీళ్లు సందుల్లోంచి దిగి కింది మట్టిని జరుపుతాయి. కొన్నాళ్లకు బండ మీద అడుగేస్తే ఒక మూల లేస్తుంది. నాణెంతో తట్టి చూడండి, బోలుగా మోగిన బండ కింద ఖాళీ ఉన్నట్టు. కడుగు పూర్తయి రెండు రోజులు ఆరాక సందులు అర అంగుళం లోతు వరకు ఖాళీ చేసి, 1 పాలు సిమెంటుకు 3 పాళ్లు సన్న ఇసుక కలిపి, నల్లబండలైతే కొంచెం నల్ల ఆక్సైడ్ పొడి వేసి పాయింటింగ్ చేయించాలి. బండ అంచులకు ముందే మాస్కింగ్ టేపు వేస్తే సిమెంటు పాల గొడవ ఉండదు. అయిన చోటికి అయినట్టు తడి స్పాంజితో తుడిచేయాలి. వారం రోజులు రోజుకు రెండుసార్లు సందుల మీద మాత్రం తడిగుడ్డ వేయాలి.

పైపూత కావాలో వద్దో ఒక నీటిచుక్క చెబుతుంది. బండ మీద చుక్క వేసి 10 నిమిషాలు చూడండి. చుక్క కింద రంగు ముదిరితే రాయి పీలుస్తోంది, వంటింట్లో అయితే రాయిలోకి ఇంకే రకం స్టోన్ సీలర్ వేయించడం మేలు. పైన ప్లాస్టిక్ పొరలా నిలిచే రకం వద్దు. కింద తేమ ఉన్న ఇళ్లలో అది బొబ్బలెక్కి లేస్తుంది. సీలర్ వేసేముందు బండ కనీసం 48 గంటలు పూర్తిగా ఆరాలి. వేశాక 10 నిమిషాల్లో ఇంకని భాగాన్ని పొడిగుడ్డతో తుడిచేయాలి, లేకపోతే మబ్బు పట్టినట్టు మరక కట్టి దాన్ని తీయడానికి మళ్లీ అదే సీలరుతో తడపాల్సి వస్తుంది. నలుపు కావాలనుకునేవాళ్లకు రంగు ముదురు చేసే సీలర్లు కూడా ఉన్నాయి, నూనె పని చేస్తాయి, జిగురు ఉండదు. కానీ చౌడు లేస్తున్న గదిలో ఏ సీలరూ వేయకండి. లవణాలు పూత కింద చేరి బండ పైపొరనే పెచ్చులుగా లేపుతాయి. తేమ ఎక్కడిదో తేలేదాకా ఆ గదికి పొడి పొరకే.